అమ్మ కత్తి పక్కన పెట్టిన వేసవి

ఆ మధ్య విశాఖపట్నంలో మా ఆఫీసు అమ్మాయి పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర పనసపొట్టు కూర వడ్డించారు. ఆవ ఘాటు ముక్కుకి తగిలింది. ఎండుమిరపకాయలు, జీడిపప్పు, కరివేపాకు అన్నీ ఉన్నాయి. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పొట్టు అంతా ఒకే కొలతలో, తూకం వేసినట్టు ఉంది. పక్కన కూర్చున్నావిడ "మిషన్ మీద కొట్టిందండీ. ఇప్పుడు అంతా మిషన్లే" అంది. తల ఊపి తినేశాను. రుచికి వంక పెట్టడానికేమీ లేదు. కాని ఇంటికి వచ్చాక కూడా వేళ్ల మధ్య కొబ్బరినూనె జిడ్డు, పనసపాల బంక ఉన్నట్టే అనిపించి రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.

మాది ఉద్దానంలో ఒక ఊరు. పలాసలో బస్సెక్కితే ముందు జీడితోటలు వస్తాయి, తర్వాత కొబ్బరితోటలు. గాలిలో ఉప్పు తగలడం మొదలైతే మా ఊరు వచ్చినట్టు. నాన్న పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే ఆయనకన్నా ముందు ఆయన చొక్కా వాసన గుమ్మంలోకి వచ్చేది. అమ్మ దగ్గర పచ్చి పనస వాసన. ఆ రెండు వాసనల మధ్య నేను, తమ్ముడు, నాయనమ్మ.

అమ్మ పనసపొట్టు కొట్టి అమ్మేది. మొదట్లో కాయలకు కాయలే పలాస మార్కెట్టుకు మోసుకెళ్లేదట. ఒకసారి పెళ్లివంటలు చేసే మేస్త్రి ఒకాయన, "అక్కా, ఈ కాయలు నాకెందుకు, కొట్టిన పొట్టు అట్టుకొస్తే ఎంతైనా నానే తీసుకుంతాను" అన్నాడట. అప్పటినుంచి అమ్మకు అదే పని. తోటలకు వెళ్లి లేతకాయ ఏదో వేలితో తట్టి చూసేది. చేతికీ కత్తికీ నూనె రాసుకుని ముళ్ల చెక్కు తీసేది. మొద్దు మీద కాయను నిలబెట్టి టకటకా గాట్లు పెట్టి, ఒక్క కోతతో పొట్టు రాల్చేది. నల్లబడకుండా పసుపూ ఉప్పూ కలిపి, టేకాకుల్లో పొట్లాలు కట్టి, బుట్టలో సర్ది, ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కేది. ఇందులో ఏ ఒక్క పనీ ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. నేను నూనెగిన్నె జరిపినా ఒప్పుకునేది కాదు.

"కత్తి పది సేతులు మారితే పొట్టు పది రకాలవుతాది" అనేది.

పిల్లలం మాకు అందులో దక్కేది పనస బంక. చెక్కు తీసినప్పుడు కారే పాలను కొబ్బరి ఈనెలకు చుట్టుకుని తోటలోకి పరిగెత్తేవాళ్లం. తూనీగ తోకకు ఈనె చివర అలా తగిలిస్తే చాలు, అంటుకుపోయేది. ఒకసారి ఆ ఈనె తమ్ముడి జుట్టుకు తగిలింది. కిరసనాయిలు పోసి వదిలించబోతే కొంత వచ్చింది, కొంత రాలేదు. రానిదాన్ని నాన్న కత్తెరతో తీసేశాడు. ఆ ఆదివారం గుడిలో, అంటే మా ఊరి చర్చిలో, మా వాడు ఒక పక్క జుట్టు, ఒక పక్క బోడితో ముందు చాప మీద కూర్చుంటే, ప్రార్థనలో కళ్లు మూసుకోవలసిన పిల్లలెవరూ మూసుకోలేదు.

నేను చెప్పబోయే వేసవిలో పెళ్లిళ్లు ఎక్కువ. జీడిమామిడి పళ్లు రాలి తోటలన్నీ పులిసిన తీపి వాసన కొడుతున్న రోజులు. మేస్త్రి ఒకే రోజు రెండు పెళ్లిళ్లు ఒప్పుకుని, అమ్మకు ఇరవై కాయల పొట్టు చెప్పాడు. అమ్మ మామూలుగా రోజుకు పది, పన్నెండు కాయలు కొట్టేది. "ఏటవుతాది, కొంచెం ముందు లేత్తాను" అంది.

ముందే లేచింది. మేం లేచేసరికే మొద్దు చుట్టూ చెక్కు గుట్టలుగా పడి ఉంది. గంజి తాగమని నాయనమ్మ గిన్నె తెచ్చిపెడితే ఆ గంజి అలాగే మీగడ కట్టింది. పదిహేనో కాయ దగ్గర అమ్మ కుడి మణికట్టు పొంగింది. తడిగుడ్డ చుట్టుకుని మిగిలినవి కొట్టింది గాని, తొలి బస్సు వెళ్లిపోయింది, మలి బస్సూ వెళ్లిపోయింది. ఆమె పలాస చేరేసరికి మేస్త్రి గుమ్మడికాయ తరిగించి కూర దింపేశాడు.

ఆయన కేకలేయలేదట. అదే అమ్మకు ఎక్కువ తగిలింది. ఇంటికి వచ్చి మాతో చెప్పింది. "'అక్కా, నీ పొట్టుకి వంక నేదు. కాని నువ్వొక్కర్తివే, నా పెళ్లిళ్లు ఒక్కటి కాదు' అన్నాడు" అని, తిరిగి మోసుకొచ్చిన బుట్ట దించింది. ఆ రోజూ మర్నాడూ మా వీధి అంతా పనసపొట్టు కూరే తిన్నది.

వారం తిరక్కుండా మేస్త్రి తన మోపెడ్ మీద మా ఇంటికే వచ్చాడు. లావుపాటి మనిషి, మెడలో ఎర్రతువ్వాలు. అరుగు మీద కూర్చుని నాయనమ్మ ఇచ్చిన కొబ్బరినీళ్లు తాగి విషయం చెప్పాడు. ఒకే ముహూర్తానికి మూడు పెళ్లిళ్లు: టెక్కలిలో ఒకటి, పలాసలో ఒకటి, హరిశ్చంద్రపురంలో ఒకటి. అరవై కాయల పొట్టు. ముహూర్తం ముందురోజు ఒక్క పగట్లోనే కొట్టి ఇవ్వాలి, అంతకుముందుది పనికిరాదు.

"నీ వల్ల కాదంటే సెప్పీ అక్కా. ఇచ్చాపురంలో ఒకడున్నాడు, ఆడికి సెప్తాను. తప్పనుకోను" అన్నాడు.

ఒకసారి ఇచ్చాపురం వైపు తిరిగితే ఆయన మళ్లీ మా గుమ్మం తొక్కడని అమ్మకు తెలుసు. "నాను సేత్తాను" అనేసింది. మోపెడ్ చప్పుడు తోటల్లో కలిసిపోయాక అరుగు మీద చతికిలబడి, కట్టు కట్టిన మణికట్టు వైపు చూసుకుంది.

నాయనమ్మ తాటాకు విసనకర్రతో వీపు గోక్కుంటూ అంది: "సముద్రం ఒడ్డున పెదవల లాగుతారు, సూడనేదేటి నువ్వు? యాబైమంది తాడు పట్టుకుంతారు. ఒకడు మాత్రం తాడు ముట్టుకోడు. ఇటూ అటూ తిరుగుతా కేకలేత్తాడు. ఆడు పని దొంగనుకున్నావేటి?"

"వల ఏరు, పొట్టు ఏరు అత్తా" అంది అమ్మ.

"సేప ఏరు, పనస ఏరు. మనుసులు ఒక్కటే" అంది నాయనమ్మ.

ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ గుడి బయటే నిలబడి ఆడవాళ్లను అడిగింది. కూలి ఇస్తానంటే ఐదుగురు వచ్చారు. వాళ్లలో ముఖ్యమైనవాళ్లు ఇద్దరు. ఒకరు మా పెద్దమ్మ, నాన్న అన్నగారి భార్య. పని ఎంత పదునో నోరూ అంతే పదును. రెండోది పక్కింటికి కొత్తగా కోడలిగా వచ్చిన వదిన. ఇచ్చాపురం అవతలి పిల్ల, తెలుగు మధ్యలో ఒరియా మాటలు దొర్లేవి. అందుకని సిగ్గుపడి ఎక్కువ మాట్లాడేది కాదు.

సోమవారం పొద్దున్న అందరూ సొంత కత్తులతో మా పెరట్లో కూర్చున్నారు. చేతి అలవాటు కోసం పది కాయలు. అమ్మ ఒక కాయ కొట్టి చూపించి, "ఇలగ" అంది. అంతే ఆమె చెప్పిన పాఠం. వాళ్లు మొదలుపెట్టారు. అమ్మ ఒకచోట నిలవలేదు. ఒకామె దగ్గరికి వెళ్లి "ఇలగ కాదు" అని కత్తి లాక్కుని తనే నాలుగు దెబ్బలు వేసేది. ఇంకొకామె దగ్గరికి వెళ్లి ఆమె కొట్టిన పొట్టునంతా మళ్లీ మొద్దు మీద పోసి కొట్టేది. చివరికి పెద్దమ్మ చేతిలో కత్తి పట్టుకోబోయింది.

పెద్దమ్మ కత్తి ఇవ్వలేదు. నెమ్మదిగా కింద పెట్టి, చీరకు అంటుకున్న చెక్కు దులుపుకుంది. "నువ్వు మమ్మల్ని పనికి పిలిసినావా, నువ్వు సేత్తుంటే సూడ్డానికి పిలిసినావా? సూడ్డానికయితే మా ఇంట్లో టీవీ ఉన్నాది" అని లేచి వెళ్లిపోయింది. ఆమె వెనకే మిగతావాళ్లు. పక్కింటి వదిన ఒక్కతే లేవాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయింది.

అమ్మ ఆమె ముందు కూర్చుని, "సూడమ్మా, ఇలగ" అని మళ్లీ కొట్టింది. వదిన కొట్టింది. ముక్కలు వచ్చాయి. అమ్మ మళ్లీ "ఇలగ" అంది. మళ్లీ ముక్కలే వచ్చాయి. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను అప్పటికి ఆరేళ్లుగా ఆ మొద్దు పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటూ, తూనీగలకు బంక చుట్టుకుంటూ అమ్మ చేతిని చూస్తూనే ఉన్నాను. "ఎనిమిది, వదినా" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"అమ్మ ఎనిమిది దెబ్బలు ఏసి కాయని కొంచెం తిప్పుతాది. మళ్లీ ఎనిమిది. అప్పుడు పైనుంచి ఒక కోత. నువ్వు నాలుగు కొట్టి కోసేత్తన్నావు."

అమ్మ నన్ను నమ్మలేదు. కత్తి తీసుకుని తనే కొట్టి చూసుకుంది, పెదాలతో లెక్కపెట్టుకుంటూ. ఎనిమిది. తిప్పింది. ఎనిమిది. కోసింది. "ఓలమ్మా, ఇన్నాళ్లూ నాకే తెల్దు" అంది.

వదిన మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పైకి లెక్కపెట్టుకుంది, తన భాషలో. "ఎకొ, దుయి, తిని, చారి, పాంచొ, ఛొ, సాతొ, ఆఠొ." తిప్పింది. మళ్లీ ఎకొ. కోత వేస్తే పొట్టు అటుకుల్లా రాలింది. అమ్మ ఆ పొట్టును వేళ్ల మధ్య నలిపి చూసి, వదిన తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నిండా బంకే. అది జుట్టును వదలడానికి ఎంత నూనె పట్టిందో నాకు తెలుసు, నేనే రాశాను.

ఆ సాయంత్రం అమ్మ ఒక ముగ్గిన పనసకాయ చంకన పెట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. నేనూ వెనకే. పెద్దమ్మ పొయ్యి ఊదుతూ తల తిప్పలేదు. అమ్మకు తప్పయిందని చెప్పడం రాదు. గుమ్మంలో కూర్చుని, కాయ కోసి, తొనలు పళ్లెంలో పెట్టి అంది: "అక్కా, సెక్కు తియ్యడంలో నీ అంత మనిషి ఈ ఊళ్లో నేదు. సెక్కు పనంతా నీది. అక్కడ నాను నోరెత్తను."

"నీకు నోరెత్తకుండా ఉండడం వచ్చా?"

"నేర్సుకుంతాను."

పెద్దమ్మ ఒక తొన తీసుకుంది. తిని, పిక్కను నిప్పుల్లోకి విసిరింది. "రేపు నాను ఏ ఏలకి రావాల?" అంది. మేం ఇంటికి బయలుదేరే లోపు ఆ పిక్క కాలిన వాసన వచ్చింది. పెద్దమ్మ దాన్ని తీసి బూడిద ఊది నా చేతిలో పెట్టింది.

మర్నాడు మళ్లీ అందరూ వచ్చారు. చెక్కు పెద్దమ్మది. పొట్టు కొట్టేది నలుగురు. లెక్క నేర్పేది వదిన. అమ్మ మాట నిలబెట్టుకుంది, పెద్దమ్మ వైపు పోలేదు. కాని మిగతా నలుగురి దగ్గరా చెయ్యి ఆగలేదు. మొదటి గంటలోనే ఇద్దరి పొట్టు మళ్లీ కొట్టింది. అమ్మ నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లినప్పుడు నాయనమ్మ నా వైపు చూసి అమ్మ కత్తి వైపు గడ్డం ఊపింది. ఇంకో మాట అక్కర్లేకపోయింది. కత్తి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో అడుగుకంటా దోపేశాను.

అమ్మ తిరిగొచ్చి మొద్దు చుట్టూ వెతికింది. చెక్కు గుట్టలో వెతికింది. "నా కత్తేదే?" అంది. నేను తూనీగను చూస్తున్నాను. నాయనమ్మ ఆకాశం చూస్తోంది. పెద్దమ్మ ఒక్కతే, "కత్తి నేకపోతే నోరుందిగదా, దాంతో సెప్పు" అంది.

కత్తి లేని అమ్మ కాసేపు ఎటూ తోచక నిలబడింది. తర్వాత ఒక్కొక్కరి పక్కనా కూర్చోవడం మొదలుపెట్టింది. "దెబ్బ లోతుగా పడనియ్యి సెల్లీ", "కాయని ఒంచకు", "నువ్వు ఎడమసేత్తో కొట్టినా పరవానేదు, నీకు అదే వాటం." అమ్మ నోటి నుంచి అన్ని మాటలు వరసగా వినడం నాకు అదే మొదలు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఒంటరిగా కొడితే అందరిదీ బాగానే వస్తోంది, అందరూ కలిస్తే ఒకరితో ఒకరు పోటీ పడి వేగం పెంచేస్తున్నారు, పొట్టు మోటుగా వస్తోంది. నాయనమ్మ "పాట పాడుకుంటా కొట్టండి" అని గుడిలో పాడే పాట ఒకటి ఎత్తుకుంది. అది పండగ పాట, చప్పట్లు కొట్టే పాట. కత్తులు ఇంకా వేగం అందుకున్నాయి. "ఇది కాదు అత్తా, నిమ్మళంగా ఉన్నది ఎత్తు" అంది అమ్మ. నాయనమ్మ ఆలోచించి, సమాధుల దగ్గర మట్టి చేసేటప్పుడు పాడే పాట అందుకుంది. దానికి కత్తులు చక్కగా కుదిరాయి. ఆడవాళ్లంతా తలలు వంచుకుని బరువుగా పాడుతూ పనిచేస్తుంటే, గుడి సంఘం పెద్దాయన పై పంచె సర్దుకుంటూ దడి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఎవులు పోనారు?" అన్నాడు ఆయాసపడుతూ.

"పనసకాయలు పోనాయి, మావా. ఆరైపోనాయి, ఇంకా నాలుగున్నాయి" అంది పెద్దమ్మ.

ఆ రోజు నవ్వి నవ్వి పాట సగంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత మాత్రం మా పెరట్లో అదే పాట. ఊరు అలవాటు పడింది.

ముహూర్తం ముందురోజు వచ్చింది. తెల్లవారేసరికి తోట రైతు బండి వచ్చి కాయలు దింపింది. లెక్కపెడితే నలభై. మిగతా చెట్లవి ఎవరో షావుకారు ముందే కోయించుకున్నాడని బండివాడు చెప్పాడు. ఇరవై కాయలు తక్కువ. వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో దొరుకుతాయి, కాని లేతకాయ ఏదో, పీచు పట్టినదేదో తట్టి చెప్పగలిగేది మా ఇంట్లో అమ్మ ఒక్కతే. అమ్మ వెళ్లాలి. వెళ్తే పెరడంతా ఆమె లేకుండా నడవాలి.

ఆటో వచ్చి నిలబడింది. అమ్మ ఎక్కబోయి దిగి వచ్చింది, "ఉప్పు ఎక్కువెయ్యకండి" అని. మళ్లీ దిగింది, "టేకాకులు తడి తుడిసి కట్టండి" అని. మూడోసారి దిగి ఏమీ చెప్పకుండా అందరి వైపూ చూసింది. "ఎల్లు" అంది పెద్దమ్మ, చెక్కు మీంచి తల ఎత్తకుండానే. "మేం పెళ్లీడు దాకా కూడా నువ్వు నేకుండానే ఎదిగినాం."

ఆ పూటంతా నాకు గుర్తుంది. పసుపు కలిపిన పొట్టు వాసన, కొబ్బరినూనె వాసన, మధ్యాహ్నం నాయనమ్మ అందరికీ పెట్టిన సద్దన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. వదిన సిగ్గు ఎక్కడికి పోయిందో పోయింది. "ఆఠొ అవ్వకుండా కోసేత్తన్నావు పిన్నీ" అని తనకన్నా ఇరవై ఏళ్లు పెద్దదాన్ని దిద్దుతోంది. ఆ పిన్ని కూడా ఒరియాలోనే లెక్కపెడుతోంది.

అమ్మ మధ్యాహ్నం మూడింటికల్లా ఇరవై కాయలతో తిరిగి వచ్చింది. ఆటో ఆగకముందే దూకింది. అరుగు మీద టేకాకు పొట్లాలతో నిండిన బుట్టలు వరసగా ఉన్నాయి. ఒక్కో బుట్టలో ఒక్కో పొట్లం విప్పి పొట్టును వేళ్లతో నలిపి చూసింది.  నాలుగో బుట్ట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అది మోటుగా ఉంది. దూరం నుంచి నాకే తెలిసింది. అది కొట్టినామె తల దించుకుంది.

అమ్మ నోరు తెరిచింది. మూసింది. ఆమె దగ్గరికి వెళ్లి కూర్చుని, "కత్తి మొద్దుబారినట్టున్నాది, ఇలగియ్యి" అంది. ఆకురాయి మీద నీళ్లు చల్లి ఆ కత్తిని చాలాసేపు నూరింది. నూరి తిరిగి ఆమె చేతికే ఇచ్చింది. "ఆ బుట్టలోది నువ్వే ఒకసారి మళ్లీ కొట్టీ" అంది. తను ముట్టుకోలేదు. ఆమె కొట్టింది, మిగతావాళ్లు ఇరవై కాయల మీద పడ్డారు.

మేస్త్రి వ్యాను వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. అరవై కాయల పొట్టూ సిద్ధం. ఆయన ఒక పొట్లం విప్పి గుప్పెడు తీసి వాసన చూశాడు, అరచేతిలో పరిచి చూశాడు. "ఎంతైనా నీ సెయ్యి నీ సెయ్యే అక్కా" అన్నాడు.

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వదిన నవ్వింది, తర్వాత అందరూ. మేస్త్రికి అర్థం కాలేదు.

"ఇందులో నా సెయ్యి నేదు" అంది అమ్మ. "ఆల్ల సేతులే."

ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహంలో గర్వం ఉంది. దాని పక్కనే కొంచెం చిన్నబోవడం కూడా ఉంది. అప్పుడు నాకు మొదటిదే కనిపించింది. రెండోది చాలా ఏళ్లకు, నా కింద పదిమంది పనిచేసే రోజులు వచ్చాక, ఒకరు రాసిన కాగితాన్ని మొత్తం నేనే తిరిగి రాయాలని చెయ్యి దురద పెట్టినప్పుడు తెలిసింది. నేను లేకపోయినా పని జరిగిపోతుందని తెలియడం సంతోషమే. ఆ సంతోషాన్ని మింగడానికి మాత్రం కొంచెం నీళ్లు కావాలి.

తర్వాత వేసవులకు అమ్మ దగ్గర పద్నాలుగు మంది ఉండేవాళ్లు. పెరట్లో తాటాకు పందిరి లేచింది. సోంపేట, నరసన్నపేట మేస్త్రులు కూడా వచ్చేవారు. వదిన కొన్నాళ్లకు పుట్టింటి వైపు తనే ఒక జట్టు పెట్టుకుంది. అమ్మ రెండు రోజులు ముభావంగా ఉండి, మూడోరోజు తన మంచి మొద్దు ఆమెకు పంపించింది. ఆ పాట, ఆ పందిరి ఇప్పుడు లేవు, పెద్దమ్మా లేదు. ఒక తుఫానుకు ఉద్దానం తోటలు వేళ్లతో సహా పడిపోయినప్పుడు మా పెరటి పనసలూ పోయాయి. కొత్తగా నాటినవి ఇంకా చిన్నవి.

మూడు పెళ్లిళ్ల మర్నాటి సంగతి ఒకటి చెప్పాలి. మిట్టమధ్యాహ్నం నేనూ తమ్ముడూ తోటలోంచి ఇంటికి వచ్చాం. అరుగు మీద అమ్మ పడుకుని ఉంది. చెయ్యి తల కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది. పగటిపూట అమ్మ పడుకోవడం మేం ఎన్నడూ చూడలేదు. జ్వరమేమోనని తమ్ముడు భయపడ్డాడు. నేను నుదురు తాకి చూశాను, చల్లగా ఉంది. ఇంతలో పెద్దమ్మ, మేస్త్రి కొత్తగా చెప్పిన పెళ్లి గురించి అడగడానికి గట్టిగా పిలుస్తూ వచ్చింది. అమ్మను చూసి మాట మింగేసింది. కొంగు నడుముకు దోపుకుని, "నెగపకండి, నిద్దరోనియ్యండి. కాయలు నాను సూసొత్తాను" అని మాకు మెల్లగా చెప్పి తోట వైపు వెళ్లిపోయింది. ఆమెకు కాయ తట్టి చూడడం రాదు. ఆ రోజు నాలుగు ముదురుకాయలు తెచ్చింది కూడా.

మేం అరుగు మీదే కూర్చున్నాం. తమ్ముడు ఈగలు తోలాడు, నేను విసనకర్ర విసిరాను. అమ్మ పొద్దు వాలేదాకా లేవలేదు.